కొరియా చదువు: ఇంట్లో వేసుకోవలసిన లెక్క
(వార్షిక సభలో విద్యా ఉపసంఘం పక్షాన చేసిన ప్రసంగ పాఠం)



ఈ ఏడు మా విద్యా ఉపసంఘానికి అధ్యక్షులవారు ఒక విషయం అప్పగించినారు. "కొరియా పోయి అక్కడి యూనివర్సిటీలో కొరియన్ భాష చదవడం, అదీ తక్కువ డబ్బుతో. మన ఇళ్ళకు ఇది సాధ్యమేనా, కాదా? తేల్చి చెప్పండి" అన్నారు. మొదట మాకూ నవ్వు వచ్చిన మాట నిజం. జహీరాబాద్ నుంచి మనుషులు జిద్దా పోయినారు, రియాద్ పోయినారు, దుబాయి పోయినారు. కాస్త చదువూ డబ్బూ కలిసివచ్చిన ఇళ్ళ నుంచి అమెరికా, ఆస్ట్రేలియా పోయినారు. కొరియా ఏమిటి, అక్కడ మనకు ఎవరున్నారు అని అనుకున్నాము. కాని గడిచిన ఏడాదిలో మూడు నాలుగు ఇళ్ళ వాళ్ళు ఇదే ప్రశ్నతో మా దగ్గరికి వచ్చినారు. వాళ్ళలో ఇద్దరు ఆడపిల్లలు. కాబట్టి ఇది నవ్వి వదిలేసే సంగతి కాదని మాకు అర్థమయింది.

ఈ కోరిక ఎక్కడ పుట్టిందో అందరికీ తెలుసు. చేతిలో ఫోను, ఫోనులో కొరియా సీరియళ్ళు, పాటలు. పెద్దలు ఎంత విసుక్కున్నా పిల్లలు అటు చూడకుండా ఉండటం లేదు. అయితే ఒక్క సీరియళ్ళ వల్లనే వచ్చిందంటే సగం నిజమే అవుతుంది. హ్యుండాయ్ కంపెనీ 1996లో మద్రాసు పక్కన శ్రీపెరుంబుదూరులో కాలు పెట్టింది. కియా కంపెనీ 2017లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వంతో ఒప్పందం చేసుకొని, అప్పటి అనంతపురం జిల్లాలోని పెనుకొండ దగ్గర ఏడాదికి 3 లక్షల కార్లు చేయగల కర్మాగారం కట్టి, 2019లో ఉత్పత్తి మొదలుపెట్టింది. వేరుశనగ తప్ప మరొకటి పండని ఆ నేల మీద కొరియన్ అక్షరాల బోర్డులు వెలిసినాయి, కొరియా వంటల హోటళ్ళు వచ్చినాయి. అక్కడి ఇంజనీరు చెప్పింది ఇక్కడి కార్మికునికి, ఇక్కడివాడు అడిగింది అక్కడి ఇంజనీరుకు చెప్పగల దుబాసీల అవసరం పడింది. మన తెలంగాణలో వరంగల్ దగ్గర కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కులో యంగ్‌వన్ అనే కొరియా బట్టల కంపెనీ ఉన్నది. 2024 ఆగస్టులో మన ముఖ్యమంత్రి బృందం కొరియా వెళ్ళినప్పుడు హ్యుండాయ్ వాళ్ళ ఇంజనీరింగ్ విభాగం తెలంగాణలో పెద్ద కార్ల పరీక్షా కేంద్రం పెడతామని చెప్పింది. అది మన జహీరాబాద్ నిమ్జ్ లోనే అని 2025లో వార్తలు వచ్చినాయి. న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల్లో భూములు ఇచ్చిన ఊళ్ళ సంగతి వేరే సభలో మాట్లాడుకోవలసిందే, దాన్ని ఇక్కడ దాటవేస్తున్నామని అనుకోవద్దు. మేము అనేది ఒక్కటే. కొరియా మాట మన గడప దాకా వచ్చింది.

పెద్దలకు ఒక పాత సంగతి గుర్తు చేస్తాము. 1980లలో మన ఊళ్ళో ఆల్విన్ నిస్సాన్ వచ్చింది. జపాను వారి సాంకేతిక సహకారంతో చిన్న లారీలు తయారయ్యేవి. ఆ దశాబ్దం చివర అది మహీంద్రా వారి చేతికి వెళ్ళింది. ఆ రోజుల్లో జపాను భాష నేర్చుకుందామని మన వీధుల్లో ఎవరికైనా తట్టినట్టు మేము వినలేదు. ఇప్పుడు మన పిల్లలకు తట్టింది. అది మంచిదే. దారి ఎటు, ఖర్చు ఎంత అన్నదే మన ముందున్న ప్రశ్న.

పేరు చెప్పము గాని ఒక ఇంటి సంగతి చెప్తాము. డిగ్రీ పూర్తయిన అమ్మాయి. తండ్రిది చిన్న వ్యాపారం. ఒక ఏజెంటు ఏడు లక్షలు కట్టమన్నాడు. "యూనివర్సిటీలో అడ్మిషన్, వీసా, టికెట్, మొదటి టర్ము ఫీజు అన్నీ మేమే చూస్తాం. పోయిన నెల నుంచే పిల్ల పార్ట్ టైం చేసుకొని తన ఖర్చు తానే సంపాదించుకుంటది, ఏడాది కాగానే ఫ్యాక్టరీలో ఉద్యోగం" అన్నాడట. ఇంటి వెనక ఉన్న ప్లాటు అమ్మడానికి బేరం కూడా మొదలయింది. అప్పుడు ఆ అమ్మాయి మేనమామ మా దగ్గరికి వచ్చినాడు. మేము ఆ ఇంట్లోనే కూర్చొని, చాయ్ తాగుతూ, ఒక నోటుబుక్కులో లెక్క వేసినాము. ఆ లెక్కే మీ ముందు పెడుతున్నాము.

కొరియా విశ్వవిద్యాలయాలకు అనుబంధంగా భాషా కేంద్రాలు ఉంటాయి. యోన్సే విశ్వవిద్యాలయం వారి కేంద్రం 1959 నాటిది. సియోల్ జాతీయ విశ్వవిద్యాలయం, కొరియా విశ్వవిద్యాలయం, సొగాంగ్, ఎవా మహిళా విశ్వవిద్యాలయం, వీటన్నిటిలోనూ ఉన్నాయి. ఏడాదికి నాలుగు టర్ములు. ఒక్కో టర్ము 10 వారాలు. వారానికి ఐదు రోజులు, రోజుకు నాలుగు గంటలు, అంటే టర్ముకు 200 గంటలు. మొత్తం ఆరు మెట్లు. టర్ముకొక మెట్టు చొప్పున ఎక్కితే, అ ఆలు రాకుండా పోయిన పిల్ల ఏడాదికి నాలుగో మెట్టుకు చేరుతుంది. ఫీజు సియోల్ నగరంలోని పెద్ద యూనివర్సిటీల్లో ఇటీవల టర్ముకు సుమారు 17 నుంచి 19 లక్షల వోన్లు. లక్షలు అనగానే బెదరవద్దు, వెయ్యి వోన్లు మన 60 రూపాయల లెక్క. అంటే టర్ముకు లక్షా చిల్లర రూపాయలు, నాలుగు టర్ములకు నాలుగు లక్షల పైన. గది, తిండి, బస్సు, ఫోను కలిపి సియోల్‌లో పొదుపుగా ఉన్నా నెలకు 8, 9 లక్షల వోన్లు అవుతుంది, మన డబ్బులో 50 వేలు దాటుతుంది. ఏడాదికి ఆరు లక్షలకు పైమాటే. విదేశీ విద్యార్థులు అక్కడి జాతీయ ఆరోగ్య బీమాలో చేరడం 2021 నుంచి తప్పనిసరి అయింది, దానికి నెలనెలా కట్టాలి. విమానం ఖర్చు వేరే. హైదరాబాదు నుంచి సియోల్‌కు ఢిల్లీ, బ్యాంకాక్, సింగపూర్, హాంగ్‌కాంగ్ వంటి చోట్ల మారి పోవలసి ఉంటుంది. ఎటు చూసినా ఏడాదికి పదకొండు లక్షలకు తగ్గదు. సియోల్ విడిచి దేగు, క్వాంగ్జు, జొంజు వంటి ఊళ్ళకు పోతే ఫీజులోనూ గది అద్దెలోనూ తగ్గుతుంది, రెండు మూడు లక్షలు మిగులుతాయి. అయినా అది మన ఇళ్ళకు చిన్న సొమ్మా?

మరి ఏజెంటు ఏడు లక్షలు అన్నాడే, మిగిలిన నాలుగు లక్షలు ఎవరు కట్టాలి? "పార్ట్ టైం" అన్నాడు. అసలు కిటుకు అక్కడే ఉన్నది. భాష నేర్చుకోవడానికి పోయే వారికిచ్చే వీసాను డి-4 అంటారు. డిగ్రీ చదివే వారికిచ్చేది డి-2. డి-4 మీద పోయినవారు మొదటి ఆరు నెలలు పని చేయరాదు. ఆ తరువాత కూడా ఇమ్మిగ్రేషన్ కార్యాలయం రాసి ఇచ్చిన అనుమతి ఉంటేనే, వారానికి ఇన్ని గంటలే అన్న హద్దులో చేయాలి. భాష ఎంత వచ్చో చూసి ఆ గంటలు పెంచడం, తగ్గించడం ఉంటుంది. అక్కడి కనీస వేతనం 2025లో గంటకు 10,030 వోన్లు. వినడానికి బాగుంటుంది. కాని చట్టప్రకారం దొరికే కొద్ది గంటలతో గది అద్దె వస్తే గొప్ప, ఫీజు రాదు. అనుమతి లేకుండా పని చేసి పట్టుబడితే వీసా పోతుంది. పని మీద పడి క్లాసులు తప్పితే హాజరు తగ్గి వీసా పొడిగించరు. వీసా కోసం బ్యాంకులో డబ్బు కూడా చూపించాలి. 2023లో పెట్టిన నిబంధన ప్రకారం భాషా విద్యార్థికి కోటి వోన్లు, అంటే ఆరు లక్షల రూపాయలు. వారం రోజుల కోసం అప్పు తెచ్చి ఖాతాలో వేసి చూపించే పద్ధతి ఒకటి ఉన్నదని మనవాళ్ళు చెవిలో చెప్పుకుంటారు. అటువంటి దొంగ లెక్కకు మా సంఘం సంతకం పెట్టదు.

ఇక "ఏడాది కాగానే ఫ్యాక్టరీ ఉద్యోగం" అన్న మాట. కొరియాలో విదేశీ కార్మికులను ప్రభుత్వమే తెచ్చుకునే పద్ధతి ఒకటి ఉన్నది. నేపాల్, బంగ్లాదేశ్, పాకిస్తాన్, శ్రీలంక, వియత్నాం వంటి దేశాలతో వారికి ఒప్పందాలు ఉన్నాయి. ఆ జాబితాలో మన దేశం లేదు. కాబట్టి భాష వీసా మీద పోయిన మన పిల్ల ఫ్యాక్టరీ కార్మికురాలిగా మారే తలుపు చట్టప్రకారం తెరిచి లేదు. ఏడాది చివర ఆమె చేతికి వచ్చేది నాలుగు మెట్లు ఎక్కినట్టు ఒక సర్టిఫికెట్. అది డిగ్రీ కాదు.

ఇంత లెక్క వేసేసరికి ఆ ఇంట్లో మాట పడిపోయింది. పిల్ల ముఖం చూడలేకపోయినాము. గల్ఫ్‌కు పోవడానికి ఏజెంటుకు అప్పు చేసి కట్టి, రెండేళ్ళ జీతం ఆ అప్పుకే పోసిన ఇళ్ళు మన బస్తీలో లేవా? ఆ కథ ఇంకో దేశం పేరుతో మళ్ళీ మొదలు కావద్దని మా పట్టుదల. అలాగని పిల్లకు "వద్దు" అని చెప్పి లేచి రావడం మాకు ఇష్టం లేకపోయింది. చదువుకు పోతానన్న ఆడపిల్లకు వద్దు అనడం మన దగ్గర అందరికన్నా సులువైన పని. అందుకే నోటుబుక్కులో రెండో పేజీ తిప్పినాము.

ఆ పేజీలో రాసింది ఇది. పదకొండు లక్షలు పోసి అక్కడ నేర్చుకోవాలనుకునే నాలుగు మెట్లలో మొదటి రెండు మెట్లు ఇంట్లో కూర్చొని దాదాపు ఉచితంగా ఎక్కవచ్చును. భాష కొంత వచ్చిన పిల్లకు కొరియా ప్రభుత్వమే డబ్బు పెట్టి పిలుస్తుంది. కాబట్టి ముందు భాష, తరువాత ప్రయాణం. ఏజెంటు చెప్పేది దీనికి తలకిందులు.

కొరియన్ భాష అంత కష్టమా అని అడుగుతారు. వారి లిపిని హంగుల్ అంటారు. సెజోంగ్ అనే రాజు 1443లో దాన్ని చేయించి 1446లో ప్రజలకు ప్రకటించినాడు. అంతకు ముందు చైనా అక్షరాలు వేలకు వేలు నేర్చిన పండితులకే చదువు. బీదసాదలు కూడా చదువుకోవాలని ఆ రాజు కొత్త అక్షరాలు తెచ్చినాడు. మూల హల్లులు 14, మూల అచ్చులు 10, మొత్తం 24. హల్లు, అచ్చు, కింద ఇంకో హల్లు కలిపి ఒకే గడిలో పేర్చి రాస్తారు. క గుణింతం, ఒత్తులు రాసిన చేతికి ఇది కొత్తేమీ కాదు. ఇంగ్లీషు ఒక్కటే తెలిసినవాడు దీని దగ్గర తడబడతాడు గాని, మన తెలుగు మీడియం పిల్ల పది పదిహేను రోజుల్లో బోర్డులు చదివేస్తుంది. క, ఖ తేడా పలకగల నోరు మనది. వారికి క, ఖ కాక గట్టిగా బిగించి పలికే ఇంకొక క కూడా ఉన్నది, దానికి మాత్రం సాధన చేయాలి.

వాక్యం సంగతి ఇంకా విచిత్రం. మనము "నేను బడికి పోతాను" అంటాము. ఉర్దూలో "మైఁ స్కూల్ కో జాతా హూఁ" అంటాము. వాళ్ళు "నానన్ హక్క్యోఎ కాయో" అంటారు. నానన్ అంటే నేను, హక్క్యో అంటే బడి, దాని వెనక తగిలించిన ఎ మన కి, ఉర్దూ కో. కాయో అంటే పోతాను. క్రియ చివరికి వచ్చింది, విభక్తి పేరు వెనక వచ్చింది, అచ్చం మన వరస. మర్యాద కూడా మనలాగే మెట్లు మెట్లుగా ఉంటుంది. మనకు రా, రండి, దయచేయండి. ఉర్దూలో ఆ, ఆవో, ఆయియే. వాళ్ళకు వా, వాయో, ఒసెయో. పెద్దవాళ్ళతో ఏ మాట వాడాలో మన పిల్లలకు తల్లి ఒడిలోనే తెలుస్తుంది, అమెరికా పిల్లలకు దాన్ని పాఠంగా చెప్పాలి. తల్లిని పిల్లలు "ఒమ్మా" అంటారు, తండ్రిని "అప్పా" అంటారు. హోమర్ హల్బర్ట్ అనే అమెరికన్ ఈ పోలికలు చూసి ఆశ్చర్యపడి, కొరియన్ భాషకు ద్రావిడ భాషలకు పోలికలు చూపుతూ 1905లో సియోల్‌లో ఒక వ్యాకరణమే అచ్చు వేసినాడు. రెండు భాషలకు చుట్టరికం ఉన్నదని రుజువు కాలేదని నేటి భాషావేత్తలు అంటారు. చుట్టరికం ఉన్నా లేకున్నా నేర్చుకునే పిల్లకు వాక్యం వరస కలిసివస్తుంది, మాకు అది చాలు. రెండు భాషలు, కొందరికి కన్నడం మరాఠీ కూడా, నోట్లో ఆడించుకుంటూ పెరిగే జహీరాబాద్ పిల్లలు భాషల విషయంలో బీదవాళ్ళు కారని మా గట్టి నమ్మకం.

నేర్చుకునేది ఎక్కడ? కొరియా ప్రభుత్వం వారి సెజోంగ్ సంస్థ ఇంటర్నెట్టులో పాఠాలు ఉచితంగా పెట్టింది. హైదరాబాదులో తార్నాక దగ్గర ఉన్న ఇఫ్లూ విశ్వవిద్యాలయంలో ఇతర విదేశీ భాషలతో పాటు కొరియన్ కూడా చెప్తారు. చెన్నైలో ఇన్‌కో సెంటర్ అని 2006 నుంచి ఉన్నది. ఇంటర్ పాసైన పిల్లలకు ఇంకా మంచి మార్గం ఢిల్లీలో జె.ఎన్.యు. అక్కడ కొరియన్ భాషలో బి.ఏ., ఎం.ఏ. రెండూ ఉన్నాయి. 2022 నుంచి బి.ఏ. ప్రవేశం సి.యు.ఇ.టి. పరీక్ష ద్వారా జరుగుతున్నది. ఫీజులు ప్రైవేటు కాలేజీల పక్కన పెట్టి చూస్తే లెక్కలోకి రావు. "విదేశం పోయి యూనివర్సిటీలో కొరియన్ చదవాలి" అనే పిల్లకు, ఢిల్లీలోనే యూనివర్సిటీలో కొరియన్ చదవవచ్చునని చాలామందికి తెలియదు. విమానం ఎక్కలేదన్న వెలితి తప్ప చదువులో వెలితి లేదు. చేతికి డిగ్రీ కూడా వస్తుంది.

భాష ఎంత వచ్చిందో తేల్చే పరీక్షను టోపిక్ అంటారు. మొదటి భాగం 200 మార్కులకు. అందులో 80 వస్తే ఒకటో మెట్టు, 140 వస్తే రెండో మెట్టు. రెండో భాగం 300 మార్కులకు, దానిలో 120 వస్తే మూడో మెట్టు, అట్లా ఆరు దాకా పోతుంది. ఈ సర్టిఫికెట్ రెండేళ్ళే చెల్లుతుంది కాబట్టి మరీ తొందరపడి రాయకూడదు. దరఖాస్తు పెట్టబోయే ఏడాది ముందు రాస్తే సరి.

ఇప్పుడు అసలు తలుపు. కొరియా ప్రభుత్వ ఉపకార వేతనం, జి.కె.ఎస్. అంటారు. దీనికి ఎంపికైన విద్యార్థికి రానుపోను విమానం, ఫీజు, నెలనెలా ఖర్చులకు డబ్బు, ఆరోగ్య బీమా అన్నీ వాళ్ళే చూస్తారు. పైగా డిగ్రీ మొదలయ్యే ముందు ఒక ఏడాది పాటు విశ్వవిద్యాలయంలో భాష నేర్పించేదీ వాళ్ళే. మన పిల్ల ప్లాటు అమ్మి కొనబోయిన ఏడాది ఇదే. ఆ ఏడాది చివరికి టోపిక్ మూడో మెట్టు తెచ్చుకోవాలి. ముందే ఐదో మెట్టు ఉన్నవారికి ఆ ఏడాది అవసరం లేదు, నేరుగా చదువులోకి పోతారు. డిగ్రీకి పోయేవారి వయసు 25 లోపు, పి.జి., పిహెచ్.డి.కి 40 లోపు ఉండాలి. చదువులో నూటికి 80కి తగ్గని స్థాయి ఉండాలి. డిగ్రీ వారికి దరఖాస్తులు మామూలుగా సెప్టెంబరు, అక్టోబరుల్లో, పి.జి. వారికి ఫిబ్రవరి, మార్చిల్లో పిలుస్తారు. ఢిల్లీలోని కొరియా రాయబార కార్యాలయం ద్వారా ఒక దారి, నేరుగా విశ్వవిద్యాలయం ద్వారా ఇంకొక దారి. మన దేశానికి ఇచ్చే సీట్లు కొద్ది. దేశమంతా పోటీ పడుతుంది. వచ్చి తీరుతుందని మేము ఎవరికీ మాట ఇవ్వలేము. కాని రాకపోతే పోయేది ఏమిటి? ప్లాటు అక్కడే ఉంటుంది, నేర్చిన భాష నోట్లో ఉంటుంది, మరుసటి ఏడు మళ్ళీ రాయవచ్చును. ఏజెంటు దారిలో ఓడిపోతే ఏం పోతుందో ఇందాక చూసినాము.

మన రాష్ట్ర ప్రభుత్వం మైనారిటీ విద్యార్థుల కోసం 2015లో ముఖ్యమంత్రి విదేశీ విద్యా ఉపకార పథకం పెట్టింది. దానిలో 20 లక్షల రూపాయల దాకా, విమానం టికెట్టుకు 60 వేల దాకా ఇస్తారు. కుటుంబ ఆదాయం ఏడాదికి 5 లక్షల లోపు ఉండాలి, డిగ్రీలో నూటికి 60 మార్కులు ఉండాలి, వయసు 35 దాటరాదు. దీనికి అమెరికా, ఇంగ్లండు అని మాత్రమే అనుకుంటారు. పథకం దేశాల జాబితాలో జర్మనీ, ఫ్రాన్స్, జపాన్‌లతో పాటు దక్షిణ కొరియా కూడా ఉన్నది. అయితే రెండు మెలికలు గుర్తుంచుకోవాలి. ఒకటి, ఇది పి.జి., పిహెచ్.డి. చదువులకే. భాష కోర్సుకు ఒక్క పైసా రాదు. రెండు, డబ్బు రెండు విడతలుగా వస్తుంది, మొదటి విడత అక్కడ దిగినట్టు కాగితం చూపించాక, రెండోది మొదటి సెమిస్టరు ఫలితాల తరువాత. అంటే మొదటి అడుగుకు డబ్బు ఇంటివాళ్ళే సర్దుకోవాలి. వడ్డీ అప్పు వద్దనుకునే ఇళ్ళకు ఆ మధ్యకాలం గడ్డుగా ఉంటుంది. టికెట్టుకు, మొదటి ఫీజుకు చేబదులుగా సంఘం నిధి నుంచి ఏమైనా ఇవ్వగలమా అన్నది కార్యవర్గం ముందు పెట్టినాము. సభ్యులు దాని మీద గట్టిగా చర్చించాలని మనవి.

ఒక తల్లి మమ్మల్ని అడిగింది, "భాయ్ సాబ్, ఇవన్నీ సరే, పిల్ల అంత దూరం పోయి ఏం తింటది? నమాజ్ ఎక్కడ చేసుకుంటది?" అని. న్యాయమైన ప్రశ్న. కొరియాలో ముస్లింలు చాలా కొద్దిమంది. 1950లలో యుద్ధానికి వచ్చిన టర్కీ సైనికుల వెంట ఉన్న ఇమాముల ద్వారా అక్కడ ఇస్లాం పరిచయమయింది. సియోల్‌లోని ఇటేవాన్ గుట్ట మీద కేంద్ర మసీదు 1976లో తెరిచినారు. స్థలం కొరియా ప్రభుత్వం ఇచ్చింది, కట్టడానికి ముస్లిం దేశాలు సాయం చేసినాయి. ఆ వీధి పొడవునా హలాల్ మాంసం దుకాణాలు, మన మసాలాలు, బాస్మతి బియ్యం దొరుకుతాయి. బూసాన్‌లోనూ మసీదు ఉన్నది. మిగిలిన చోట్ల కూరగాయలు, గుడ్లు, చేపలు, అన్నం. వాళ్ళ అన్నం ముద్దగా అంటుకుంటుంది, మొదట్లో మన పిల్లలకు సహించదు. పాకెట్టు మీద చిన్న అక్షరాలతో పంది మాంసం, గొడ్డు మాంసం, కోడి, గుడ్డు, పాలు ఏవి కలిసినాయో రాయాలని అక్కడ నియమం ఉన్నది. పడనివాళ్ళ కోసం పెట్టిన నియమం అది, కాని మనకూ పనికివస్తుంది. పంది మాంసాన్ని "త్వేజిగోగి" అంటారు. హంగుల్ నేర్చిన పిల్ల మొట్టమొదట చదవవలసిన మాట ఇదే అని మేము ఆ తల్లికి చెప్పినాము. ఆమె నవ్వింది.

అన్నీ తీపి మాటలే చెప్పి పంపడం ధర్మం కాదు. దేగు నగరంలో క్యుంగ్‌పూక్ జాతీయ విశ్వవిద్యాలయం పక్క వీధిలో పాకిస్తాన్, బంగ్లాదేశ్ తదితర దేశాల నుంచి వచ్చిన ముస్లిం విద్యార్థులు ఒక ఇంట్లో నమాజు చేసుకునేవారు. దాని స్థానంలో మసీదు కట్టబోతే చుట్టుపక్కల వాళ్ళు వ్యతిరేకించినారు. 2021లో పని ఆగిపోయింది. కోర్టుకు పోతే 2022లో సుప్రీం కోర్టు కట్టుకోవచ్చునని విద్యార్థుల పక్షాన తేల్చింది. అయినా గొడవ ఆగలేదు, కట్టే చోట పంది తలలు తెచ్చి పెట్టినారు. మరి ఆ విద్యార్థుల పక్షాన నిలబడి కోర్టుకు తోడు వెళ్ళిన కొరియా వాళ్ళు కూడా ఉన్నారు. ఇవి రెండూ తెలిసి పోవాలి. హిజాబుతో పోయిన పిల్లను బస్సులో తేరిపార చూస్తారు. చాలాసార్లు అది కొత్తదనంతో చూసే చూపే, ప్రతిసారీ కాదు. చలికాలంలో సియోల్‌లో సున్నాకు పది డిగ్రీల కిందికి పోతుంది. నేల కింద వేడి చేసే ఏర్పాటు ఇళ్ళలో ఉంటుంది గాని, చవక గదుల్లో కిటికీ కూడా ఉండకపోవచ్చును. పొద్దున 9 నుంచి ఒంటిగంట దాకా క్లాసు, శుక్రవారం జుమాకు పరుగు తప్పదు. ఇవేవీ పిల్లలను ఆపడానికి చెప్పడం లేదు. ఉర్దూలోకి శాస్త్ర గ్రంథాలు తేవడానికి 1917లో హైదరాబాదులో తర్జుమా శాఖ పెట్టిన నేల మనది. ఒక భాషలోనిది ఇంకో భాషలోకి తెచ్చి బతకడం మన పెద్దలకు గౌరవమైన వృత్తి. కొరియన్ దుబాసీ అయినా అదే పని.

ఇందాకటి ఇంటి సంగతి అడుగుతారు. ప్లాటు అమ్మలేదు. అమ్మాయి రోజూ రెండు గంటలు నేర్చుకుంటున్నది, టోపిక్ మొదటి భాగం రాయబోతున్నది. పి.జి. దరఖాస్తు పెట్టాలని ఉద్దేశం. ఏమవుతుందో అల్లాకే తెలుసు.

చివరగా కాగితాల సంగతి. మన ఇళ్ళలో ఎక్కువ దెబ్బ తగిలేది ఇక్కడే. పదో తరగతి మెమోలో "ఎం.డి." అని ఉంటుంది, ఆధార్‌లో "మొహమ్మద్" అని, పాస్‌పోర్టులో "మహమ్మద్" అని. ఆడపిల్లలకు ఒక చోట "బేగం" ఉంటుంది, ఇంకో చోట ఉండదు. తండ్రి పేరు మూడు చోట్ల మూడు రకాలు. విదేశీ దరఖాస్తులో ఒక్క అక్షరం తేడా వచ్చినా వివరణలు, అఫిడవిట్లు అని తిప్పుతారు. గడువు అందులోనే దాటిపోతుంది. సర్టిఫికెట్లకు మొదట రాష్ట్రంలో ధృవీకరణ, తరువాత విదేశాంగ శాఖ అపోస్టిల్ ముద్ర వేయించాలి, దానికీ వారాలు పడుతుంది. అందుకని పేర్ల సవరణ పని దరఖాస్తు పిలిచాక కాదు, ఇప్పుడే మొదలుపెట్టాలి. వచ్చే నెల నుంచి ప్రతి ఆదివారం జొహర్ తరువాత మా ఉపసంఘం సభ్యులు సంఘం ఆఫీసులో కూర్చుంటారు. రుసుము ఏమీ లేదు. పదో తరగతి మెమో, ఆధార్, పాస్‌పోర్టు ఉంటే అది, మూడూ అసలువి తీసుకొని పిల్లలను వెంటబెట్టుకొని రండి. జిరాక్సులు మేము ఇక్కడే తీయిస్తాము.